పదిహేను నెలల్లో నర్సు అయిపోవచ్చంటున్నారు, చేరమంటారా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. 2012లో నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేశాను. ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం. పాప రెండో క్లాసు, బాబుకి నాలుగేళ్లు. మావారు ఐటీ, హెచ్1బీ మీద ఉన్నారు, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, ఆయన భార్యగా హెచ్4 వీసా మీద ఉన్న నాకు ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉంది. ఆయన కంపెనీలో లేఆఫ్‌లు జరుగుతున్నప్పటి నుంచి నాకూ ఒక గట్టి ఉద్యోగం ఉండాలనిపిస్తోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ల 15 నెలల యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (తొందరగా పూర్తయ్యే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) ప్రోగ్రాంకి 82 వేల డాలర్లు అంటున్నారు. కౌన్సెలర్ రోజూ ఫోన్ చేసి వచ్చే నెలాఖరులోగా డిపాజిట్ కట్టమంటున్నాడు. ప్రైవేటు లోను తీసుకోవాలి. అమ్మ మాత్రం "ఎమ్మెస్సీ చదివి నర్సు పని చేస్తావా" అంటోంది. మావారు నీ ఇష్టం అంటున్నారు. చేరమంటారా?

జవాబు: చెల్లీ, ముందు విషయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నర్సింగ్‌లోకి రావాలనుకోవడం మంచి ఆలోచన, రా. ఆ 82 వేల డాలర్ల ప్రోగ్రాంకి మాత్రం వచ్చే నెల డిపాజిట్ కట్టకు. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. కౌన్సెలర్ ఫోన్లో రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నాడు, అందుకే నీకు ఇంత టెన్షన్‌గా ఉంది. నేను డాలస్ ఏరియాలోనే హాస్పిటల్లో ఆర్ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా, పనిచేస్తున్నాను. మన తెలుగు అమ్మాయిలు ఈ దారిలో వచ్చి హాయిగా స్థిరపడ్డవాళ్లనీ చూశాను, మధ్యలో ఆగిపోయి అప్పు మాత్రం కట్టుకుంటున్నవాళ్లనీ చూశాను. వాళ్లకీ వీళ్లకీ తెలివితేటల్లో తేడా ఏమీ లేదు. ఎంత ఫీజుకి చేరారు, ఆ ఏడాదిన్నర పిల్లల్ని ఎవరు చూసుకున్నారు, వీసా పేపర్లు ఎలా ఉన్నాయి, ఈ మూడింట్లోనే తేడా.

ముందు ఆ 15 నెలల సంగతి చూద్దాం. అది క్లాసులు మొదలైన రోజు నుంచి వేసిన లెక్క, నువ్వు ఇవాళ ఇంట్లో కూర్చున్న చోటు నుంచి వేసింది కాదు. యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అంటే వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన కోర్సు, మామూలుగా 12 నుంచి 18 నెలలు ఉంటుంది. జనరల్ సబ్జెక్టులు పాత డిగ్రీలోంచి తీసుకుంటారు. సైన్సు ప్రీరిక్విజిట్స్, అంటే ముందే పూర్తి చేసి రావాల్సిన కోర్సుల దగ్గర మాత్రం గట్టిగా ఉంటారు. ల్యాబుతో సహా అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, ఆపైన పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల మీద ఒక సైకాలజీ కోర్సు, ఇవన్నీ ఉండాలి. సైన్సు కోర్సులు గత ఐదారేళ్లలో చేసినవై ఉండాలని చాలా కాలేజీలు పట్టుబడతాయి. నువ్వు ఎమ్మెస్సీలో ఎంత మైక్రోబయాలజీ చదివినా అది 2012 నాటిది కాబట్టి మళ్లీ చేయాల్సిందేనని అనుకుని ప్లాన్ చేసుకో, ఎక్కడైనా ఒప్పుకుంటే అది లాభం.

మనవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మూడేళ్ల బీఎస్సీ ఒక్కదాన్నే ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానంగా అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. నీకు పైన ఎమ్మెస్సీ ఉంది కాబట్టి గండం కొంచెం తక్కువ, అయినా కోర్సు వారీగా క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (మన చదువు ఇక్కడి దేనికి సమానమో తేల్చే రిపోర్టు) చేయించుకోవాలి. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవడం ఎంత ఆలస్యమయ్యే పనో నీకు నేను చెప్పక్కర్లేదు, గుంటూరులో ఉన్న తమ్ముణ్ణో బాబాయినో ఇప్పుడే పంపి ఆ పని మొదలుపెట్టించు, ఏ దారిలో వెళ్లినా అది కావాలి.

ఇప్పుడు నిజమైన లెక్క వేద్దాం. అనాటమీ మొదటి భాగం పాసైతేనే రెండోది తీసుకోనిస్తారు, ఇద్దరు పిల్లలతో ఒక సెమిస్టర్‌కి రెండు ల్యాబు సైన్సులు కంటే ఎక్కువ పెట్టుకుంటే గ్రేడ్లు పోతాయి, నర్సింగ్ అడ్మిషన్లో ఆ గ్రేడ్లే ప్రాణం. అంటే ప్రీరిక్విజిట్స్‌కే సుమారు ఏడాది. తర్వాత ఎంట్రన్స్, కాలేజీని బట్టి టీజ్ అనో హెసీ అనో ఉంటుంది. బ్యాచ్ మొదలయ్యేదాకా కొన్ని నెలలు. ఆ తర్వాత 15 నెలలు. తర్వాత నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష, లైసెన్సు, హాస్పిటల్లో కొత్త గ్రాడ్యుయేట్ల రెసిడెన్సీ (శిక్షణ) బ్యాచ్ మొదలయ్యేదాకా ఇంకొంచెం ఆగడం. అన్నీ కలిపితే రెండున్నరేళ్ల పైమాటే.

అదే కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ అనే అసోసియేట్ డిగ్రీ తీసుకుంటే? ప్రీరిక్విజిట్స్ దాదాపు ఇవే, అక్కడే చేయొచ్చు, అదే ఏడాది. నర్సింగ్ క్లాసులు నాలుగు సెమిస్టర్లు, మధ్యలో వేసవి సెలవులు కలిపి ఇరవై, ఇరవై ఒక్క నెలలు. చివర రాసేది అదే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్. వచ్చేది అదే ఆర్ఎన్ లైసెన్సు, లైసెన్సు మీద ఏ డిగ్రీతో వచ్చావో రాసి ఉండదు. అంటే యాక్సిలరేటెడ్‌కి వెళ్తే నీకు మిగిలేది నిజానికి ఐదారు నెలలు. 82 వేలు కట్టమంటున్నది ఆ ఐదారు నెలల కోసం, ప్లస్ ముందే చేతికొచ్చే బీఎస్ఎన్ కోసం. ఈ మాట ఆ కౌన్సెలర్ చెప్పడు.

ఆ బీఎస్ఎన్‌కి విలువ లేదని కాదు. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక పెద్ద రిపోర్టులో 2020 కల్లా నర్సుల్లో 80 శాతం మందికి బీఎస్ఎన్ ఉండాలని సిఫారసు చేసింది, అప్పటి నుంచి పెద్ద హాస్పిటళ్లు, ముఖ్యంగా నర్సింగ్ బాగుంటుందని ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్నవి, బీఎస్ఎన్ వాళ్లనే ముందు పిలుస్తున్నాయి. న్యూయార్క్ రాష్ట్రమైతే 2017లో చట్టమే చేసింది, ఏడీఎన్‌తో లైసెన్సు తెచ్చుకున్న కొత్త నర్సులు పదేళ్లలో బీఎస్ఎన్ పూర్తి చేయాలని. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. ఇక్కడ చాలామంది ఏడీఎన్‌తో ఉద్యోగంలో చేరి, పని చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఆర్ఎన్-టు-బీఎస్ఎన్ పూర్తి చేస్తారు, యూటీ ఆర్లింగ్టన్ లాంటి పబ్లిక్ యూనివర్సిటీల్లోనే ఆ కోర్సు ఉంది. ట్యూషన్ కోసం యజమాని ఇచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను ఉండదు, చాలా హాస్పిటళ్లు ఆ సాయం ఇస్తాయి. ఏడీఎన్‌తో మొదటి ఉద్యోగం కొంచెం చిన్న హాస్పిటల్లోనో, కొంచెం దూరంలోనో దొరకొచ్చు, దానికి సిద్ధపడాలి.

డబ్బు లెక్క నిజాయితీగా వేద్దాం, ఎందుకంటే రెండో వైపు కూడా న్యాయం ఉంది. కమ్యూనిటీ కాలేజీలో సొంత కౌంటీ వాళ్లకి క్రెడిట్‌కి వంద డాలర్ల లోపో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. పుస్తకాలు, యూనిఫారం, టీకాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, తర్వాత చేసే ఆన్‌లైన్ బీఎస్ఎన్ అన్నీ కలిపి పాతిక వేలు వేసుకో. తేడా 57 వేలు. కానీ ఐదారు నెలలు ముందు ఉద్యోగంలో చేరితే ఆ జీతం కూడా లెక్కలోకి రావాలి కదా. లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కల ప్రకారం 2024లో ఆర్ఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు. అది ఇరవై ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లనీ, కాలిఫోర్నియా వాళ్లనీ కలిపిన లెక్క, కొత్తగా చేరేవాళ్లకి టెక్సస్‌లో అంత రాదు. ఓ డెబ్బై వేలు అనుకుంటే ఆరు నెలలకి 35 వేలు, పన్నులు పోతే ఇంకా తక్కువ. మరోవైపు ప్రైవేటు లోను పది శాతం వడ్డీకి తీసుకుంటే 82 వేలకి ఏడాదికి వడ్డీయే 8 వేల పైన. హెచ్4 వాళ్లకి ఫెడరల్ లోన్లు రావు కాబట్టి అంతా ప్రైవేటు లోనే, దానికి సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో కోసైన్ (హామీ సంతకం) చేయాలని అడుగుతారు, అంటే మీ ఆడపడుచునో, మీవారి ఫ్రెండునో మధ్యలోకి లాగాలి. మొత్తం మీద చూస్తే, అన్నీ సక్రమంగా జరిగితే, నష్టం మరీ ఘోరమేమీ కాదు, పాతిక ముప్పై వేలు. అన్నీ సక్రమంగా జరగకపోతేనే సమస్య.

ఎలా జరగకుండా పోతాయో చెప్తాను, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చో.

నర్సింగ్ కాలేజీలో పాస్ మార్కు 50 కాదు, 35 అసలే కాదు. చాలా చోట్ల 75 నుంచి 78 మధ్య ఉంటుంది, 74.9 వస్తే 75 చేయరు. మందుల మోతాదు లెక్కల పరీక్ష విడిగా పెడతారు, దాంట్లో 90 పైన, కొన్నిచోట్ల నూటికి నూరు రావాలి, రెండు మూడు ఛాన్సుల్లో రాకపోతే క్లినికల్స్‌కి, అంటే హాస్పిటల్లో చేసే ప్రాక్టీసుకి, పంపరు. ఒక సబ్జెక్టు ఫెయిలైతే ఆ సబ్జెక్టు మళ్లీ వచ్చే బ్యాచ్ దాకా ఆగాలి, రెండు ఫెయిలైతే ప్రోగ్రాం నుంచే తీసేస్తారు. యాక్సిలరేటెడ్‌లో ఇదంతా రెట్టింపు వేగంతో నడుస్తుంది. రెగ్యులర్ ప్రోగ్రాంలో నెల రోజుల్లో చెప్పే గుండె జబ్బుల పాఠం ఇక్కడ రెండు వారాల్లో అయిపోతుంది. బాబుకి ఫ్లూ వచ్చి ఒక వారం పోయిందంటే రెండు వారాల పాఠం పోయినట్టే, క్లినికల్స్ మిస్సయితే మేకప్ చేయనిస్తారన్న గ్యారంటీ లేదు.

ఆ పరీక్షల తీరు కూడా మనం చదివిన చదువులా ఉండదు. మనం బట్టీ పట్టి, నిర్వచనం రాసి, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. ఇక్కడ ప్రశ్న ఇలా ఉంటుంది: నీకు నలుగురు పేషెంట్లు ఉన్నారు. ఒకాయనకి నిన్న ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఎనిమిది అంటున్నాడు. ఇంకొకాయన చాలాకాలంగా సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నాడు, ఆక్సిజన్ 90 చూపిస్తోంది. ఒకావిడ షుగర్ పేషెంటు, ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడుతోంది. నాలుగో ఆయన డిశ్చార్జి పేపర్ల కోసం బట్టలు వేసుకుని కూర్చుని, ఇంకెంతసేపని అరుస్తున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? నలుగురి దగ్గరికీ వెళ్లాల్సిందే, నాలుగూ తప్పు కాదు. కానీ సీఓపీడీ ఆయనకి 90 మామూలే, ఆయనకి మనం పెట్టుకునే లక్ష్యమే 88 నుంచి 92. నొప్పి కొన్ని నిమిషాలు ఆగుతుంది. షుగర్ పడిపోతున్న ఆవిడ మెదడు ఆగదు. ఈ ఆలోచన ఒంటికి పట్టడానికి మన చదువుల్లోంచి వచ్చినవాళ్లకి టైము పడుతుంది, ఎంత ర్యాంకర్లైనా సరే. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ కూడా కొత్త పద్ధతిలోకి మారింది, ఒక పేషెంటు కేసు మొత్తం ఇచ్చి, గంట గంటకీ పరిస్థితి మారుస్తూ ఇప్పుడేం చేస్తావని అడుగుతారు. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, ఐదు గంటలు. ఇక్కడ చదివి మొదటిసారి రాసేవాళ్లలో పదికి తొమ్మిదిమంది దాకా పాసవుతున్నారు, కాబట్టి పరీక్షకి భయపడక్కర్లేదు. పరీక్ష దాకా చేరడమే పెద్ద పని.

రోజు ఎలా గడుస్తుందో కూడా విను. క్లినికల్ రోజున ఉదయం ఆరున్నర, పావుతక్కువ ఏడుకల్లా హాస్పిటల్ యూనిట్లో ఉండాలి, అది మెకిన్నీలో పడొచ్చు, ఫోర్ట్ వర్త్‌లో పడొచ్చు, మనం ఎంచుకునేది కాదు. అంటే ఐదు దాటగానే ఇంట్లోంచి బయల్దేరాలి. పాపని స్కూలుకి తయారు చేసి జడ వేసేది నువ్వు కాదు. పన్నెండు గంటలు కాళ్ల మీద నిలబడి, ఒక పెద్దాయన పక్క తడిస్తే ఇద్దరం కలిసి ఆయన్ని ఒక పక్కకి తిప్పి, తుడిచి, ఒరుసుకుపోయిన చోట క్రీము రాసి, దుప్పటి మార్చి, ఆయన సిగ్గుపడకుండా ఏదో మాట్లాడిస్తూ ఆ పని పూర్తి చేయాలి. ఇంటికొచ్చాక ఆ పేషెంటు మీద కేర్ ప్లాన్ రాయాలి, ఒక్కోసారి పది పేజీలు. మర్నాడు క్విజ్. ఇలా వారానికి రెండు మూడు రోజులు, మిగతా రోజులు క్లాసులు, ల్యాబులు. మీవారు "నీ ఇష్టం" అన్నారని రాశావు. అది చాలదమ్మా. నీ ఇష్టం అనడం వేరు, "పొద్దున్న పిల్లల్ని నేను చూసుకుంటాను, మంగళవారం నా మీటింగులు మార్చుకుంటాను" అనడం వేరు. ఆయన చేత ఈ రెండో మాట అనిపించుకున్నాకే ఏ దారైనా. అత్తగారో అమ్మో వచ్చి ఉంటారు అనుకుంటే గుర్తుపెట్టుకో, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఒకసారికి మామూలుగా ఆరు నెలలే ఇస్తారు, ప్రోగ్రాం 15 నెలలు.

ఇక వీసా. దీని గురించి మనవాళ్లు సరిగ్గా మాట్లాడుకోరు. హెచ్4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు, టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో ఇక్కడ ఏడాది పైన స్థిరంగా ఉన్న హెచ్4 వాళ్లు రెసిడెంట్ ఫీజుకి కూడా అర్హులయ్యే వీలుంది, పేపర్లు చూపించి అడగాలి. ఉద్యోగం మాత్రం ఈఏడీ మీద, ఈఏడీ ఆయన హెచ్1బీ మీద ఆధారపడి ఉంది. ఆయన ఉద్యోగం పోతే ఆయనకి ఉండేది మామూలుగా 60 రోజుల గడువు, నీ స్టేటస్ కూడా దాంతోపాటే. పైగా 2025 అక్టోబర్ 30 నుంచి వేసే ఈఏడీ రెన్యూవల్స్‌కి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు, అంటే కొత్త కార్డు చేతికి రాకముందే పాతది అయిపోతే ఆ రోజు నుంచి షిఫ్టుకి వెళ్లకూడదు. నర్సులకి హెచ్1బీ వస్తుందిలే అనుకోకు, మామూలు ఆర్ఎన్ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి దాన్ని సాధారణంగా హెచ్1బీకి తగిన ఉద్యోగంగా ఒప్పుకోరు. నర్సులకి గ్రీన్ కార్డు త్వరగా వస్తుందన్న మాట కూడా సగమే నిజం. షెడ్యూల్ ఏ అనే కొరత ఉద్యోగాల జాబితాలో నర్సులు ఉన్నారు కాబట్టి, ఇక్కడివాళ్లు దొరకట్లేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు, ఆ మేరకి తొందర. కానీ కేటగిరీ ఈబీ-3, ఇండియాలో పుట్టినవాళ్లకి అక్కడ కూడా పదేళ్ల పైనున్న క్యూనే. కాబట్టి లేఆఫ్ భయంతో ఈ చదువు మొదలుపెడుతున్నావు, సరే, కానీ లేఆఫ్ జరిగిన రోజున నీ ఉద్యోగం కూడా ఆగిపోయే అవకాశం ఉంది, అప్పు మాత్రం నీ పేరు మీద నిలబడి ఉంటుంది. గ్రీన్ కార్డు చేతిలో ఉన్న అమ్మాయి ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు కొంచెం మెత్తగా ఉండేది. నీకు మాత్రం, ఎప్పుడైనా ఆపినా పెద్దగా పోయేదేమీ లేని దారే మంచిది. సెమిస్టర్‌కి వెయ్యో రెండు వేలో కట్టుకుంటూ వెళ్లే కమ్యూనిటీ కాలేజీ అలాంటిది.

మరి యాక్సిలరేటెడ్ ఎవరికీ వద్దా అంటే, వద్దని నేను అనను. పబ్లిక్ యూనివర్సిటీల్లో రెండో డిగ్రీ బీఎస్ఎన్‌లు ఉన్నాయి, టెక్సస్ టెక్ హెల్త్ సైన్సెస్ సెంటర్‌లో ఉంది, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఉంది, రెసిడెంట్ ఫీజుతో ప్రైవేటు వాటికంటే చాలా తక్కువలో అయిపోతాయి. అలాంటి చోట సీటొస్తే, ఇంట్లో ఆ ఏడాది పిల్లల బాధ్యత పూర్తిగా ఇంకొకరు తీసుకుంటే, వెళ్లు, నేనే వెళ్లమంటాను. పోటీ గట్టిగా ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్‌కి కూడా పోటీ తక్కువేమీ కాదు, అప్లై చేసినవాళ్లందరికీ సీట్లు ఉండవు, పాయింట్లు లెక్కేసి తీసుకుంటారు, మొదటి ఏడాది రాకపోతే రెండోసారి అప్లై చేయాల్సి రావచ్చు. ప్రైవేటు కాలేజీలు సీటు తేలిగ్గా ఇచ్చేది అందుకే, బయట క్యూ పొడుగ్గా ఉంది కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు ఎంతైనా కడతారని వాళ్లకి తెలుసు.

ఎక్కడ చేరినా ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ అప్రూవల్ పూర్తిగా ఉందా, షరతుల మీద ఉందా అన్నది టెక్సస్ బోర్డు వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది, ఒక్కో కాలేజీ ఎన్‌క్లెక్స్ పాస్ శాతాలు కూడా ఏళ్లవారీగా అక్కడే పెడతారు. దాంతోపాటు సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ అనే సంస్థల అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉండాలి, లేకపోతే రేపు మాస్టర్స్‌కి వెళ్లాలన్నా, కొన్ని హాస్పిటళ్లలో చేరాలన్నా ఇబ్బంది. కానీ పాస్ శాతం ఒక్కటే చూసి మోసపోకు. పరీక్ష రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారన్నదే ఆ అంకె, మధ్యలో తీసేసినవాళ్లు దాంట్లో ఉండరు. వందమంది చేరి అరవైమంది మిగిలి, వాళ్లలో 58 మంది పాసైతే కాలేజీ గోడ మీద 97 శాతం అని రాసుకుంటుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: గత మూడు బ్యాచుల్లో ఎంతమంది చేరారు, అనుకున్న టైముకి ఎంతమంది పూర్తి చేశారు? ఫోన్లో చెప్తే వినకు, ఈమెయిల్లో రాసి పంపమను. అలాగే క్లినికల్స్ ఏ హాస్పిటళ్లలో, ఆ ఒప్పందం ఇప్పుడు ఉందా, మధ్యలో ఆపేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు అని కూడా రాతలో తీసుకో. ఎంట్రన్స్ అక్కర్లేదు, ప్రీరిక్విజిట్స్ మేమే ఆరు వారాల్లో చేయించేస్తాం, ఇవాళే కడితే ఫీజు తగ్గిస్తాం అనే చోట ఇంకా జాగ్రత్త.

మరీ తేలిగ్గా ఇస్తామనే చోట్ల ఏం జరుగుతుందో అందరం చూశాం. 2023 జనవరిలో ఫ్లోరిడాలో ఆపరేషన్ నైటింగేల్ బయటపడింది, మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600 పైన దొంగ సర్టిఫికెట్లు అమ్మారు, ఒక్కొక్కటి పది నుంచి పదిహేను వేల డాలర్లకి. కొన్నవాళ్లలో వేలమంది ఎన్‌క్లెక్స్ కూడా పాసయ్యారు, తర్వాత రాష్ట్రాల బోర్డులు వాళ్ల మీద చర్యలు మొదలుపెట్టాయి. నీకు చెప్పిన కాలేజీ అలాంటిదని నేను అనట్లేదు, అది సరైన కాలేజీయే అయ్యుండొచ్చు. అయినా బోర్డు వెబ్‌సైట్ చూడకుండా ఒక్క డాలర్ కూడా కట్టొద్దు. (ఇది చదువుతున్నవాళ్లలో ఇండియాలో బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో చేసినవాళ్లు ఉంటే, మీకు ఈ కోర్సులేవీ అక్కర్లేదు, మీ చదువుని ఎవాల్యుయేట్ చేయించుకుని ఎన్‌క్లెక్స్ రాసే దారి వేరే ఉంది, ఎవరో చెప్పారని మళ్లీ మొదటి నుంచి చదవకండి.)

అమ్మ మాటకి వస్తాను. మన ఊళ్లలో నర్సులకి ఇచ్చే జీతం, ఇచ్చే మర్యాద చూసినవాళ్లకి ఆ మాటే వస్తుంది, ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. కానీ ఆవిడకి తెలియనిది చెప్పు. ఇక్కడ రాత్రి రెండింటికి పేషెంటు ఊపిరి తీరు మారిందని మొదట గమనించేది నర్సు. డాక్టర్ని నిద్ర లేపి "ఇది వద్దు, ఇది కావాలి" అని చెప్పేది నర్సు. రాసిన డోసు తప్పనిపిస్తే ఇవ్వనని ఆపే హక్కూ బాధ్యతా నర్సుదే, నీ లైసెన్సు నీది. నీ ఎమ్మెస్సీ వృథా కూడా కాదు, యాంటీబయాటిక్ ఎందుకు మార్చారో, కల్చర్ రిపోర్టు ఏం చెబుతోందో నీకు మిగతావాళ్ల కంటే ముందు అర్థమవుతుంది. ఆవిడ అడిగే రెండో ప్రశ్న "మగవాళ్లకి కూడా ఒళ్లు తుడవాలా" అని. అవును, తుడవాలి. దానికి నీ మనసు ఒప్పుకుంటుందా లేదా అన్నది ఆవిడ కాదు, నువ్వు తేల్చుకోవాలి, అదీ 82 వేలు కట్టకముందే.

తేల్చుకోవడానికి దారి ఉంది. నీకు ఈఏడీ ఉంది కదా, సీఎన్ఏ (నర్సు సహాయకుల) కోర్సు కొన్ని వారాల్లో అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువే. అది చేసి ఏదైనా హాస్పిటల్లో పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గా వారాంతాల్లో చేరు. జీతం తక్కువే, దాని కోసం కాదు. మలం, రక్తం, ఏడుపు, అరుపులు, అర్థం కాని టెక్సస్ యాస, పన్నెండు గంటల తర్వాత నడుం ఎలా ఉంటుందన్నది, అన్నీ రెండు నెలల్లో తెలిసిపోతాయి. నచ్చితే నచ్చినట్టు ఉంటుంది, అదే హాస్పిటల్ రేపు నీకు కొత్త నర్సుగా ఉద్యోగం ఇచ్చేటప్పుడు ముందు నీ పేరే చూస్తుంది. నచ్చకపోతే మెడికల్ ల్యాబ్ సైన్సు వైపు చూడొచ్చు, నీ చదువుకి అది దగ్గర, పేషెంట్ల ఒంటి మీద చేయి వేసే పని తక్కువ.

వయసు గురించి నువ్వు అడగలేదు, నేనూ మాట్లాడను. నలభై దాటాక వచ్చి నాకంటే బాగా చేస్తున్నవాళ్లు మా యూనిట్లో ఉన్నారు.

ఇప్పుడు చేయాల్సింది ఇంతే. కౌన్సెలర్‌కి పైన చెప్పిన ప్రశ్నలు ఈమెయిల్ పెట్టు, జవాబు వచ్చేదాకా ఫోన్ ఎత్తకు. గుంటూరు నుంచి ట్రాన్స్‌క్రిప్టులు కదిలించు. కాలిన్ కాలేజీ మీకు దగ్గరే, అక్కడ నర్సింగ్ అడ్వైజర్‌ని కలిసి నీ పాత కోర్సుల్లో ఏవి పనికొస్తాయో, ఏవి మళ్లీ చేయాలో రాయించుకో. వచ్చే సెమిస్టర్‌కి అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగం ఒక్కటే తీసుకో, స్టాటిస్టిక్స్ కావాలంటే ఆన్‌లైన్‌లో పక్కన పెట్టుకో. ఆ కోర్సు కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్‌కి పనికొస్తుంది, పబ్లిక్ యూనివర్సిటీ యాక్సిలరేటెడ్‌కి పనికొస్తుంది, ఆఖరికి ఆ ప్రైవేటు ప్రోగ్రాంకి కూడా పనికొస్తుంది, ఆ సీటు వచ్చే ఏడాది కూడా ఉంటుంది. సాయంత్రం ల్యాబు ఉన్న సెక్షన్లు, అంటే ఆయన ఇంటికొచ్చాక నువ్వు వెళ్లగలిగేవి, అందరికంటే ముందు నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని తీసేసుకో.